విమానం టికెట్ బుకింగ్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కరీంనగర్, జగిత్యాలల్లో ట్రావెల్ ఆఫీసుకు వచ్చేవాళ్లలో గల్ఫ్ పోయేవాళ్లే ఎక్కువ. చాలామంది అప్పు తెచ్చి టికెట్ కొంటారు. అందుకే బుకింగ్ లోపల ఏం జరుగుతుందో వాళ్లకు తెలిసి ఉండాలి.

సీటు, రేటు, టికెట్ అనేవి మూడు వేర్వేరు లెక్కలు. సీట్ల లెక్క ఎయిర్‌లైన్ సొంత కంప్యూటర్‌లో ఉంటుంది. రేట్లు, వాటి షరతులు చాలావరకు ఏటీపీకో అనే సంస్థ ద్వారా అందరికీ చేరతాయి. ఏజెంటు ఈ రెండింటినీ అమెడియస్, సేబర్, ట్రావెల్‌పోర్ట్ లాంటి వ్యవస్థల్లో ఒకే తెర మీద చూస్తాడు. డబ్బు కట్టాక తయారయ్యే టికెట్ మళ్లీ వేరే రికార్డు.

అపోహ: "పీఎన్‌ఆర్ వచ్చింది, ఇంక టికెట్ అయిపోయినట్టే."

కాదు. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఏజెంటు ప్రయాణికుడి పేరు, ప్రయాణ వివరం, ఫోన్ నంబరు, టికెట్ గడువు, బుకింగ్ ఎవరు చేయించారన్నది నింపి సేవ్ చేస్తే ఆరు అక్షరాలు, అంకెల పీఎన్‌ఆర్ వస్తుంది. సీటు పక్కన హెచ్‌కే అని ఉంటే అది మీ పేరున పట్టి ఉంచారని అర్థం. అప్పటికి ఎయిర్‌లైన్‌కు ఒక్క రూపాయి కూడా చేరి ఉండకపోవచ్చు. గడువు దాటితే ఎయిర్‌లైన్ కంప్యూటరే సీటును రద్దు చేస్తుంది, హెచ్‌కే కాస్తా హెచ్‌ఎక్స్ అవుతుంది. మీ చేతిలోని ప్రింటు మాత్రం నిన్నటిలాగే కన్‌ఫర్మ్ అని చూపిస్తుంది.

చూడాల్సింది 13 అంకెల టికెట్ నంబరు. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌ను చెబుతాయి: ఎయిరిండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, ఖతార్ ఎయిర్‌వేస్‌కు 157. ఇండిగో లాంటి చవక ఎయిర్‌లైన్ల సొంత బుకింగుల్లో ఈ నంబరు ఉండకపోవచ్చు. అక్కడ పీఎన్‌ఆర్‌లోనే డబ్బు పూర్తిగా కట్టినట్టు ఉందో లేదో చూడాలి.

నంబరు కనబడినా ఒక జాగ్రత్త అవసరం. ఇష్యూ చేసిన టికెట్‌ను సాధారణంగా అదే రోజు ఏజెంటు వాయిడ్, అంటే రద్దు, చేయొచ్చు. కాబట్టి మరుసటి రోజు ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో మీరే ఒకసారి చూసుకోండి. శంషాబాద్ బయల్దేరే ముందు ఇంకోసారి చూడండి. వెబ్‌సైట్‌లో బుకింగ్ దొరకకపోతే వెంటనే మోసం అనుకోవద్దు. ఏజెంటు వాడే వ్యవస్థ ఇచ్చే పీఎన్‌ఆర్ ఒకటి, ఎయిర్‌లైన్ ఇచ్చేది ఇంకొకటి ఉంటాయి. వెబ్‌సైట్‌కు కావాల్సింది రెండోది.

అపోహ: "మళ్లీ మళ్లీ చూస్తే రేటు పెంచుతరు."

ఏజెంటు తెరకు మీ ఫోన్‌లో మీరు ఏం వెతికారో తెలియదు. అయినా అక్కడా రేటు పెరుగుతుంది. ఎకానమీ అంతా ఒకటే క్యాబిన్ అయినా సీట్లను వై, బి, ఎం లాంటి అక్షరాల క్లాసులుగా విడగొట్టి, ఒక్కో క్లాసుకు ఒక్కో రేటు పెడతారు. తెర మీద వై9, బి4 అని కనిపిస్తుంది. 9 అంటే తొమ్మిది లేదా అంతకన్నా ఎక్కువ. చవక క్లాసులో రెండే సీట్లుండి మీరు నలుగురికి కలిపి అడిగితే, నలుగురికీ పై క్లాసు రేటే పడుతుంది. ఇద్దరిద్దరికి విడిగా అడిగి చూడండి, మొదటి ఇద్దరికి తగ్గొచ్చు. కాకపోతే పీఎన్‌ఆర్‌లు రెండవుతాయి. రేపు విమానం సమయం మారితే ఇద్దరిని ఒక విమానంలో, మిగతా ఇద్దరిని ఇంకో విమానంలో వేసే అవకాశముంది.

ఒకే ప్రయాణానికి ముగ్గురు ఏజెంట్లతో సీటు పట్టించడం అసలు మంచిది కాదు. చవక క్లాసులో ఉన్న కాసిన్ని సీట్లు మీ పేరు మీదే నిండిపోయి మీకే రేటు పెరుగుతుంది. పైగా ఒకే పేరుతో రెండు బుకింగులు కనిపిస్తే ఎయిర్‌లైన్ రద్దు చేయొచ్చు.

అపోహ: "పోయే టికెట్ వాడకున్నా వచ్చేది పనికొస్తది."

సాధారణంగా పనికిరాదు. రానుపోను టికెట్‌లో ఒక్కో విమానానికి ఒక్కో కూపన్ ఉంటుంది, వాటిని వరుసగానే వాడాలి. మొదటి విమానానికి రాకపోతే నో-షో పడి, మిగతా ప్రయాణమంతా రద్దవుతుంది. రైలు కాజీపేటలోనే ఆలస్యమై విమానం అందదని తెలిస్తే, అది ఎగరకముందే ఎయిర్‌లైన్‌కో ఏజెంటుకో చెప్పి తేదీ మార్పించుకోండి. ఛార్జీ పడినా టికెట్ బతుకుతుంది.

అపోహ: "వెయిటింగ్ లిస్టు రైలు లెక్కనే కదులుతది."

విమానంలో ఆర్‌ఏసీ ఉండదు. బుకింగ్‌లో హెచ్‌ఎల్ (వెయిటింగ్ లిస్టు) అని ఉంటే సీటు లేనట్టే, దాన్ని నమ్మి ఊరి నుంచి బయల్దేరొద్దు.

అపోహ: "పేరులో తప్పుంటే ఎయిర్‌పోర్టులో సరిచేస్తరు."

ఒకరి టికెట్‌ను ఇంకొకరి పేరు మీదకు మార్చనివ్వరు. ఒకట్రెండు అక్షరాల తప్పును కొన్ని ఎయిర్‌లైన్లు సరిచేస్తాయి, అదీ ప్రయాణానికి ముందే అడగాలి. మన దగ్గర పెద్ద చిక్కు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం. బుకింగ్ వ్యవస్థ రెండు గడులూ నింపమంటుంది. కొన్ని ఎయిర్‌లైన్లు ఉన్న పేరునే రెండుసార్లు రాయమంటాయి, కొన్ని ఎల్‌ఎన్‌యూ (ఇంటిపేరు తెలియదు) అని రాయమంటాయి. ఎవరి పద్ధతి ఏమిటో టికెట్ ఇష్యూ చేయకముందే ఏజెంటుతో కనుక్కోండి. విజిట్ వీసా మీద యూఏఈ వెళ్లేవారి పాస్‌పోర్టులో ఒకే పదం పేరుంటే 2022 నవంబర్ నుంచి ఆంక్షలున్నాయి. అది టికెట్‌లో సరిచేసేది కాదు. ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించి, ఆ తర్వాతే టికెట్ తీసుకోండి.