రొయ్యలో కనిపించనిది: సరఫరా గొలుసు చట్టాలు గోదావరి డెల్టా దాకా వచ్చిన తీరు

భీమవరం, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి రోజున చెరువు గట్టు మీద వినిపించే మాట ఒకటే, కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. కిలోకి ముప్పై తూగితే ఒక రేటు, వంద తూగితే ఇంకో రేటు. కాటా వేసి, ఐస్ కొట్టి, ట్రేలు లారీకెక్కించాక సరుకు రైతు చేయి దాటిపోతుంది. ఏజెంటు, పీలింగ్ షెడ్డు, ప్లాంటు, ఎగుమతిదారు, అక్కడి దిగుమతిదారు. వీళ్లందరినీ దాటి సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లోకి చేరేసరికి, తల తీసి పొట్టు వలిచిన ఆడకూలీకి ఆ రోజు ఎంత ముట్టిందో అడిగేవాళ్లుండరు. అడగాల్సింది అమ్ముకునే పెద్ద కంపెనీయే అంటూ యూరప్ దేశాలు చట్టాలు చేశాయి. ఇప్పుడు వాటినే పలచన చేస్తున్నాయి.

మన దగ్గర గొడవ నేలతో, నీళ్లతో మొదలైంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య మోజులో తీరం వెంట వరిచేలు చెరువులయ్యాయి. పక్క చేలోకి ఉప్పు ఊరింది, మంచినీళ్ల బావులు చెడ్డాయి. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతిలో లేని రొయ్యల చెరువులన్నిటినీ 1997 మార్చి 31లోగా తీసేయాలని, నష్టపోయినవాళ్లకు పరిహారం కట్టాలని చెప్పింది. చెరువులైతే పోలేదు. ఆ రోజుల్లో రైతును నిజంగా ముంచింది తెల్లమచ్చ వైరస్. ఇక తీర్పు సంగతికొస్తే, 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీర నిబంధనలు ఈ చెరువులను ఎన్నడూ నిషేధించనట్టే భావించాలని రాసుకుంది. కోర్టులో ఓడినదాన్ని చట్టంతో గెలవడమంటే ఇదే. 2009 నుంచి వనామీ అనే విదేశీ రకం రొయ్య వచ్చాక చెరువులు మరింత లోపలికి జరిగాయి.

రెండో దశ యాంటీబయాటిక్‌లది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల ఆనవాళ్లు దొరికితే కంటైనర్ వెనక్కే. 2016లో యూరోపియన్ యూనియన్ మన చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. దాని టెన్షన్ ఏజెంటు మీదుగా చెరువు దాకా వచ్చింది, ఎందుకంటే మందు రొయ్య కండలో దొరుకుతుంది. ఎగ్గొట్టిన ఓవర్‌టైమ్ ఏ ల్యాబులోనూ దొరకదు.

ఆ దొరకనిదాన్ని పట్టుకునే ప్రయత్నం రొయ్యలతో కాదు, బట్టలతో ఊపందుకుంది. కంపెనీలకు మానవహక్కుల బాధ్యత ఉందని 2011లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు ఆమోదించింది. అవి సలహాలే, శిక్షలు లేవు. మరుసటి ఏడాది కరాచీలో బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది పోయారు. కరాచీ బాధితులు, సరుకు కొన్న జర్మన్ కంపెనీ మీద డార్ట్‌మండ్ కోర్టుకెళ్తే, గడువు దాటిందని 2019లో కేసు కొట్టేశారు. ఫ్రాన్స్ అప్పటికే 2017లో పెద్ద కంపెనీల మీద ఈ బాధ్యత పెడుతూ చట్టం చేసింది. జర్మనీ చట్టం 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది: కంపెనీ నిత్యం చూసుకోవాల్సింది తన సొంత పని, తనకు నేరుగా సరుకిచ్చేవాళ్ల పని మాత్రమే. అంతకు కిందనున్నవాళ్ల సంగతి, తప్పు జరుగుతోందని గట్టి ఆధారం చేతికందితేనే. ఆ లెక్కన డెల్టాలోని పీలింగ్ షెడ్డు మామూలు రోజుల్లో ఎవరి పట్టికలోనూ ఉండదు.

అమెరికాది వేరే దారి. నిర్బంధ శ్రమతో చేసిన సరుకును ఆపే చట్టం అక్కడ 1930 నుంచే ఉంది. దేశంలో గిరాకీకి సరిపడా తయారు కాని సరుకైతే మినహాయింపు అనే కన్నం మాత్రం దశాబ్దాలు పూడలేదు. 2015లో థాయ్‌లాండ్ రొయ్యల షెడ్లలో వెట్టి బయటపడి గగ్గోలు పుట్టింది. 2016లో ఆ కన్నం పూడ్చారు.

మన షెడ్ల వంతు 2024 మార్చిలో వచ్చింది. షికాగోకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఆంధ్ర రొయ్యల రంగంపై నివేదిక ఇచ్చింది. తక్కువ కూలి, అప్పుల కింద కట్టుబడిన పని, చెడిన నీళ్లు అందులోని ఆరోపణలు. ఎగుమతిదారులు ఖండించారు. ఇక్కడివాళ్లకు మాత్రం ప్రమాదం కొత్త కాదు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు విషవాయువుకు చనిపోయారు. తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని ఊళ్లు ఊళ్లే రోడ్డెక్కింది కూడా ఆ కాలంలోనే. మనకు చట్టాలు లేక కాదు. కాంట్రాక్టు కూలీల చట్టం 1970లోనే వచ్చింది, వలస కూలీల చట్టం 1979లో; 2025 నవంబరులో రెండూ కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయాయి. చూసే ఇన్‌స్పెక్టరే కరువు.

కంపెనీల మీద ఇదే బాధ్యత పెడుతూ యూరోపియన్ యూనియన్ మొత్తానికీ వర్తించే చట్టం 2024 జూలైలో పుట్టింది. వెయ్యి మందికి మించి ఉద్యోగులు, 45 కోట్ల యూరోలకు మించి టర్నోవరు ఉన్న కంపెనీలకు వర్తిస్తుందన్నారు. వ్యాపార వర్గాలు భారమని పట్టుబట్టడంతో 2025 డిసెంబరులో కుదిరిన ఒప్పందం దాన్ని ఐదు వేల మందికి, 150 కోట్ల యూరోల టర్నోవరుకు పెంచింది. బాధితులు దావా వేసుకోవడానికి యూరప్ అంతటా ఒకే నిబంధన ఉండాలన్న మాటా ఎగిరిపోయింది.

ఈలోగా 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరడంతో ఎగుమతిదారుల చూపు యూరప్ మీద పడింది. సెప్టెంబరులో అక్కడివాళ్లు మరో 102 భారతీయ యూనిట్లకు అనుమతిచ్చారు. ఆ అనుమతికి చూసేది శుభ్రత, అవశేషాల పరీక్షలు. కూలీల లెక్క అడిగే ఉమ్మడి చట్టం 2029 జూలై దాకా మొదలవదు, అప్పుడైనా కొనేది అంత పెద్ద కంపెనీ అయితేనే.