రొమ్ము ఆపరేషన్: కండరాల పొరల మధ్య తిమ్మిరి మందు

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసేటప్పుడు సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు కనుక కోత బాధ తెలియదు. అసలు సలుపు మెలకువ వచ్చాక, ఛాతీలోనూ చంకలోనూ మొదలవుతుంది. దాన్ని మార్ఫిన్ జాతి మందులతోనే అణచబోతే వికారం, వాంతులు, మగత తరచుగా వెంటపడతాయి. అందుకే నొప్పి కబురును దారిలోనే ఆపడానికి మత్తు డాక్టర్లు నర్వ్ బ్లాక్ ఇస్తారు, అంటే నరాల దారిలో తిమ్మిరి మందు ఎక్కిస్తారు.

రొమ్ముకు ఒకే నరం ఉంటే ఈ పని సులువయ్యేది. స్పర్శ చాలావరకు రెండు నుంచి ఆరో పక్కటెముక వరకు, వాటి వెంబడి నడిచే నరాల కొమ్మల ద్వారా వెళుతుంది. పైభాగపు చర్మానికి మెడ నుంచి నరాలు దిగుతాయి. అడుగునున్న ఛాతీ కండరాలకు నరాలు వేరు. చంకలోని లింఫు గ్రంథులు తీసేటప్పుడు చేతి లోపలివైపుకు పోయే మరో కొమ్మ అడ్డం వస్తుంది.

పక్కటెముకల నరాలను వెన్నుపూస పక్కనే, మొదట్లోనే పట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. 1905లో జర్మన్ వైద్యుడు హ్యూగో సెల్‌హైమ్ చేసిన ఆ ప్రయత్నం మరుగునపడి, 1979లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. బాగా పనిచేస్తుంది, కానీ సూది ఏమాత్రం లోతుకు వెళ్లినా ఊపిరితిత్తి పొరకు తగిలే ప్రమాదం ఉంది. మత్తు డాక్టర్ రఫాయెల్ బ్లాంకో 2011లోనూ 2012లోనూ ప్రచురించిన పెక్స్ (ఛాతీ కండరాల) బ్లాక్‌లు ఛాతీ ముందువైపు నుంచి దారి చూపాయి. ఇక్కడ నరాన్ని వెతికి పట్టుకోవడం కాదు, పొరల మధ్య సందును పట్టుకోవడమే నేర్పు.

అల్ట్రాసౌండ్ తెరమీద పెద్ద, చిన్న ఛాతీ కండరాలు బూడిదరంగు పట్టీల్లా ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. వాటి కింద పక్కటెముక తెల్లని వంపులా, దాని వెనక నల్లని నీడ. ఎముకల నడుమ ఊపిరితిత్తి పొర ప్రతి శ్వాసకూ మెరుస్తూ జారుతుంది. సూది మొన సరైన చోటికి చేరితే, ఎక్కించిన మందు రెండు పొరలనూ విడదీస్తూ నల్లని మడుగులా పరుచుకుంటుంది. రెండో రకం పెక్స్ బ్లాక్‌లో బుపివకైన్ వంటి తిమ్మిరి మందును ఛాతీ కండరాలు రెండింటి మధ్య సుమారు 10 మిల్లీలీటర్లు, ఇంకా లోతు పొరలో సుమారు 20 మిల్లీలీటర్లు ఇస్తారు. ఇంత మందు రక్తనాళంలోకి పోతే గుండెకు, మెదడుకు ముప్పు కనుక బరువును బట్టి మోతాదు లెక్కకట్టి, కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు.

ఇంత చేసినా రొమ్ములో ఛాతీ నడిమి ఎముక వైపు భాగం తరచుగా తిమ్మిరెక్కకుండా మిగిలిపోతుంది. పైగా చంకలో నరాలను గుర్తుపట్టేందుకు వాటిని కదిపి చూసే సర్జన్‌కు, తిమ్మిరెక్కిన నరం నుంచి జవాబు రాకపోవచ్చు. కాబట్టి మందు ఎక్కించే ముందే ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి.

ఈ తరహా మత్తు వల్ల క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందేమోనన్న ఆశ కొన్నాళ్లు బలంగా ఉండేది. 2,100 మందికి పైగా మహిళలతో జరిపి, 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, వెన్నుపక్క బ్లాక్ ఇచ్చినవారిలోనూ, మామూలు మత్తు తీసుకున్నవారిలోనూ తిరగబెట్టినది దాదాపు 10 శాతమే. ఆరు నెలల తర్వాతి నొప్పిలోనూ తేడా కనబడలేదు. బ్లాక్ వల్ల స్పష్టంగా దక్కేది మొదటి కొన్ని గంటల ఉపశమనం, మహా అయితే ఒక రోజు. ఆపరేషన్ అయిన రాత్రి వాంతి లేకుండా నిద్రపోవడం చిన్న లాభమేమీ కాదు. దానికి క్యాన్సర్ ఆశను జోడించనక్కర్లేదు.

తిమ్మిరి వదిలేది తరచుగా అర్ధరాత్రో తెల్లవారుజామునో. అందుకని నొప్పి లేదు కదా అని పారాసెటమాల్ మాత్రలు మానకూడదు. బ్లాక్ పనిచేస్తుండగానే వాటిని వేళకు వేసుకోవాలి.