హార్మోనియం బాగుచేసేవాడికి ఎంత ఊరు కావాలి?

"జనం పెరిగితే దరిద్రం పెరుగుతుందని బళ్లో చదువుకున్నాం. మరి డబ్బంతా జనం కిక్కిరిసిన మహానగరాల్లోనే ఎందుకుంటుంది?" అని ఓ పాఠకురాలు అడిగారు. 'అధిక జనాభా - అనర్థాలు' అని మనచేత బట్టీ పట్టించిన వ్యాసంతోనే వచ్చింది ఈ చిక్కు.

నాకు నచ్చిన జవాబు హార్మోనియంలో ఉంది. లోపల కంపించి స్వరం పలికించే ఇత్తడి రేకు, అదే రీడు, శ్రుతి తప్పితే సన్నగా గీకి సరిచేస్తారు. కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. ఈ పని ఏడాదికి 50 వేల మందిలో ఒక్కరికి అవసరం పడుతుందనుకుందాం. బాగుచేసేవాడు బతకాలంటే ఏడాదికి 200 పెట్టెలైనా రావాలి. అంటే చుట్టూ కోటి మంది ఉండాలి! మండల కేంద్రంలో అయితే అతను ఫ్యాన్లూ మిక్సీలూ కూడా చూసుకోవాల్సిందే. ఇక రీడు మీద చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది?

పెద్ద ఊళ్లో ఒక్క పనిలోనే చెయ్యి తిరుగుతుంది, రాబడీ పెరుగుతుంది. ఊరి పరిమాణంతో రాబడి ఎంత పెరుగుతుందో 2007లో లూయీ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ అనే శాస్త్రవేత్తల బృందం లెక్క కట్టింది. ఒకే దేశంలోని నగరాలను పోల్చితే, మొత్తం ఆదాయం జనాభాకు సుమారు 1.15 ఘాతంలో పెరుగుతుంది. జనం రెట్టింపైతే ఆదాయం 2.2 రెట్లు, అంటే తలకు 11 శాతం ఎక్కువ. రోడ్లు, కరెంటు తీగల ఘాతం 0.85 దగ్గర. అవి 1.8 రెట్లుంటే చాలు. అమెరికా లెక్కల్లో నేరాలూ 1.15 దగ్గరే తేలాయి. జనంలో బాగుచేయడానికి హార్మోనియం దొరికినంత సులువుగా కొట్టేయడానికి జేబూ దొరుకుతుంది మరి.

అయితే ఆఫ్రికాలో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం రాజధాని కిన్షాసా సంగతేమిటి? జనాభా కోటిన్నర దాటింది, పారిస్ కంటే ఎక్కువ. అయినా పేద నగరం. ఈశాన్యాన నీళ్లుంటే సంపద అంటారు వాస్తు పండితులు. కిన్షాసాకు సరిగ్గా అటే మలేబో పూల్ అనే మహా మడుగుంది, పాపం!

అసలు లోటు రాకపోకల్లో ఉంది. మనిషి రోజుకు సుమారు గంటసేపే ప్రయాణానికి ఇస్తాడని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెసారె మార్కెట్టి 1994లో రాశాడు. పోను అరగంట, రాను అరగంట. నడిస్తే అరగంటలో రెండున్నర కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్లు పోయే రైలైతే 15. వ్యాసార్థం 6 రెట్లు, అందే నేల 36 రెట్లు! కిన్షాసాలో చాలామందికి కాళ్లే బండి. కిక్కిరిసిన వ్యాన్లకు అక్కడివాళ్లు పెట్టిన పేరు 'మృత్యుదేవత' లాంటిది. కోటిన్నర మంది పక్కపక్కనే ఉన్నా ఊరు వందల పల్లెలుగా విడిపోయినట్టే. టోక్యోలో షింజుకు అనే ఒక్క స్టేషన్‌లోనే రోజుకు సుమారు 30 లక్షల రాకపోకలు.

2025లో ఐక్యరాజ్యసమితి వేసిన నగర జనాభా జాబితాలో టోక్యోను దాటి మొదటి స్థానానికి వచ్చింది జకార్తా, దాదాపు 4.2 కోట్ల మందితో. లోకల్ రైళ్లు ముందునుంచీ ఉన్నా, అక్కడ మెట్రో మొదలైంది 2019లో. నన్నడిగితే, దాని సంపద ఎటు పోతుందో తెలియాలంటే జనాభా లెక్కకన్నా ఆ రైలు పట్టాల పొడవు చూడాలి.