ఏకర్ ఖైదీలు: మాట తప్పింది ఎవరు?

లండన్‌లో పార్లమెంటు భవనం బయట గుర్రంపై కత్తి ఎత్తి కూర్చున్న ఇంగ్లండ్ రాజు రిచర్డ్ విగ్రహం ఉంది. జెరూసలేం కోసం ముస్లింలతో పోరాడిన యూరప్ క్రైస్తవ యోధులు, అంటే క్రూసేడర్ల చిహ్నాలు రాజకీయాల్లోకి వచ్చినప్పుడల్లా ఆయన పేరూ, దాని వెంటే 1191 ఆగస్టు 20న ఏకర్‌లో చిక్కిన ముస్లిం ఖైదీలను ఆయన చంపించిన ఊచకోతా చర్చకొస్తాయి. ఖైదీల విడుదల ఒప్పందం తప్పింది ముస్లిం సుల్తాన్ సలాదిన్ కాబట్టి ఆ పాపం ఆయనదేనని రిచర్డ్ అభిమానుల వాదన. ఇంతకీ ఆ ఒప్పందం చేసుకున్నది సలాదిన్ కానే కాదు.

1187లో సలాదిన్ క్రైస్తవ సైన్యాన్ని ఓడించిన హట్టీన్ యుద్ధం, ఆ తర్వాతి జెరూసలేం పతనం తెలిసిన కథలే. ఆ ఏడాది జులైలో క్రైస్తవుల చేజారిన పాలస్తీనా తీరపు కోట పట్టణం ఏకర్‌ను తిరిగి పట్టుకోవాలని 1189 ఆగస్టులో జెరూసలేం క్రైస్తవ రాజు గై కోట ముందు దిగాడు. సలాదిన్ వచ్చి అతని వెనుక దిగాడు. ముట్టడించినవాళ్లే ముట్టడిలో చిక్కుకున్నారు. దాదాపు రెండేళ్లు ఇదే తంతు.

సముద్రం వైపు కూడా దారి మూసుకుపోయాక కోటలోకి కబురు చేరాలంటే ఈతగాళ్లే గతి. ఈసా అనే అతను నడుముకు బంగారు నాణేలు, ఉత్తరాలు కట్టుకుని రాత్రిపూట శత్రు నౌకల కిందుగా ఈదుకుంటూ వెళ్లేవాడు. ఒకసారి అతని శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నడుముకు కట్టిన సొమ్ము చెక్కు చెదరలేదు. చచ్చి కూడా అప్పగించిన పని పూర్తిచేసిన మనిషి అని సలాదిన్ కొలువులోని బహావుద్దీన్ రాసుకున్నాడు.

అసలు మలుపు 1191 జులై 12న వచ్చింది. అప్పటికి ఫ్రాన్స్ రాజు ఫిలిప్, రిచర్డ్ ఇద్దరూ దిగారు. వారి రాతి యంత్రాలు గోడలను కూలుస్తున్నాయి. కోటలోని సేనానులు అల్ మష్తూబ్, ఖరాకూష్ ఇక నిలవలేమని శత్రువుతో బేరానికి కూర్చున్నారు. రెండు లక్షల దినార్లు, వందలాది క్రైస్తవ ఖైదీలు, హట్టీన్‌లో చిక్కిన పవిత్ర శిలువ (ఏసును వేసిన శిలువగా క్రైస్తవులు నమ్మేది) ఇస్తే తమ ప్రాణాలు దక్కుతాయి. ఈ షరతులు ఒక ఈతగాడి ద్వారానే సలాదిన్‌కు తెలిశాయి. ఒప్పుకోనని జవాబు రాయించబోతుండగానే గోడలపై ఫ్రాంకుల, అంటే యూరప్ క్రైస్తవుల జెండాలు లేచాయి.

ఎవరో కుదిర్చిన బాకీ సలాదిన్ నెత్తిన పడింది. అయినా తోసిపుచ్చలేదు. మొదటి వాయిదా వేళకు ఆయన అడిగింది ఒక్కటే: మా వాళ్లను వదలండి, మిగతా బాకీకి హామీగా మనుషులను మీ దగ్గర ఉంచుతాం, లేదా ఇప్పుడిచ్చేది తీసుకుని, మావాళ్లు విడుదలయ్యేదాకా మీ మనుషులను మా దగ్గర ఉంచండి. రెండూ కుదరవు, మా ప్రమాణం చాలు అన్నారు అవతలివారు. ఇది బహావుద్దీన్ కథనం. ఆయన సలాదిన్ మనిషే, నిజమే. కానీ రిచర్డ్ స్వయంగా రాసిన లేఖలో గడువు దాటింది కాబట్టి ఒప్పందం చెల్లలేదన్న మాట తప్ప ఈ బేరసారాల ఊసు లేదు. చంపించింది సుమారు 2,600 మందిని అని మాత్రం అందులో ఉంది.

వారిని రెండు సైన్యాల మధ్యనున్న అయ్యాదియా దిబ్బ దగ్గరకు కట్టి తెచ్చారు. సలాదిన్ సైనికులు చూస్తుండగానే పని ముగించారు. పేరున్నవారిని, పనికొచ్చే బలిష్ఠులను మాత్రం విడిగా ఉంచుకున్నారు. మాట తప్పినందుకు శిక్షే అయితే ఇలా కొందరిని ఏరి ఉంచుకోవడం ఎందుకు?

హట్టీన్ తర్వాత సలాదిన్ కూడా టెంప్లర్, హాస్పిటలర్ అనే క్రైస్తవ సన్యాసి యోధుల సంఘాల ఖైదీలను చంపించాడు. ఏకర్ తర్వాత చిక్కిన ఫ్రాంకులను పగతో చంపించాడు. అయితే ఆగస్టు 20కి కారణం వెతకాలంటే రిచర్డ్ ప్రయాణాన్నే చూడాలి. అంత మంది ఖైదీలకు కాపలా పెట్టి దక్షిణానికి కదలడం కుదరదు. ఊచకోత జరిగిన రెండు రోజులకే ఆయన సైన్యం దక్షిణ తీరంలోని జాఫా దారి పట్టింది.