పోస్ట్‌మార్టం గది నుంచి పెట్ స్కాన్ దాకా

దాదాపు వందేళ్లపాటు అల్జైమర్స్ వ్యాధిని రూఢిగా నిర్ధారించాలంటే మెదడు కణజాలాన్ని పరీక్షించాల్సిందే. అంటే సాధారణంగా రోగి చనిపోయాకే. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్, ఆగుస్టె డీటర్ అనే రోగి మెదడును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, కణాల వెలుపల పేరుకున్న మచ్చలనూ లోపల చిక్కుపడిన పోగులనూ చూశాడు. బతికున్నవారి విషయంలో ఆయన తర్వాతి తరాల డాక్టర్లు చెప్పగలిగింది చాలావరకు అంచనాయే.

1970లలో సీటీ, ఆపై ఎంఆర్ఐ వచ్చాయి. మతిమరుపు వెనక కణితో రక్తస్రావమో ఉంటే ఇవి పట్టిస్తాయి. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ ఎంత కుంచించుకుపోయిందో కంటితో చూసి 0 నుంచి 4 దాకా అంకె వేసే పద్ధతిని 1992లో షెల్టెన్స్ బృందం ప్రతిపాదించింది. ఖర్చు లేని పని, ఇప్పటికీ చెల్లుతోంది. అయితే కుంచించుకుపోవడం కనిపించేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

అసలు మలుపు 2002లో, స్వీడన్‌లోని ఉప్సాలాలో వచ్చింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ ఎంచుకున్న దారి ముచ్చటైనది. అల్జైమర్ చూసిన ఆ మచ్చలు అమైలాయిడ్ అనే ప్రోటీన్‌వి. పోస్ట్‌మార్టంలో వాటిని చూపే థయోఫ్లావిన్ రంగునే మార్చి, రక్తం నుంచి మెదడులోకి వెళ్లేలా చేసి, దానికి రేడియోధార్మిక కార్బన్ తగిలించారు. అలాంటి పదార్థం ఒంట్లో ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్‌తో, బతికున్న రోగి మెదడులోనే అమైలాయిడ్‌ను ఉప్సాలాలో చూడగలిగారు. చిక్కల్లా ఆ కార్బన్‌తోనే. ప్రతి 20 నిమిషాలకూ దాని శక్తి సగమైపోతుంది, కాబట్టి దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పక్కనే ఉండాలి. తర్వాత వచ్చిన ఫ్లోర్‌బెటాపిర్ అనే ఇలాంటి స్కాన్ మందులో వాడిన ఫ్లోరిన్‌కు ఆ గడువు 110 నిమిషాలు. దాన్ని వేరే ఊరి ఆసుపత్రికీ పంపవచ్చు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఫ్లోర్‌బెటాపిర్‌కు వెంటనే తలూపలేదు. ఒకే స్కాన్‌ను ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదివితే ఎలా అన్నది దాని అభ్యంతరం. సాధారణ మెదడులో ఈ మందు లోపలి తెల్ల పదార్థంలోనే నిలుస్తుంది, అంచున బూడిద పదార్థం వేరుగా తెలుస్తుంది. అమైలాయిడ్ ఉంటే ఆ సరిహద్దు చెరిగిపోతుంది. వినడానికి తేలికే, చూడటానికి కాదు. చదివే డాక్టర్లకు శిక్షణ ఏర్పాటు చేశాకే, 2012 ఏప్రిల్‌లో అనుమతి దక్కింది.

మరుసటి ఏడాది, అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ మరో అడ్డం వేసింది. స్కాన్ చేసి తెలుసుకున్నా ఇవ్వడానికి సరైన మందు లేదు, మరి డబ్బెందుకు చెల్లించాలంది. కఠినంగా తోచినా అన్యాయమైన ప్రశ్న కాదు. జవాబు కోసం 11 వేల మందికి పైగా రోగులతో ఐడియాస్ అధ్యయనం నడిచింది. స్కాన్ చూశాక 60 శాతానికి పైగా రోగుల విషయంలో డాక్టర్లు చికిత్సా ప్రణాళిక మార్చారని 2019లో తేలింది. కానీ ఆసుపత్రి చేరికలను 10 శాతం తగ్గించాలన్న రెండో లక్ష్యం నెరవేరలేదు. ప్రణాళిక మారినంత మాత్రాన రోగికి మేలు జరిగినట్టు లెక్క కాదు మరి.

2023లో లెకానెమాబ్ అనే అల్జైమర్స్ మందుకు అమెరికాలో పూర్తి అనుమతి రావడంతో లెక్క మారింది. అమైలాయిడ్‌ను తొలగించే మందు ఇవ్వాలంటే అది మెదడులో ఉందని ముందు రుజువు కావాలి. మందు మొదలుపెట్టాక మెదడులో వాపు, సూక్ష్మ రక్తస్రావాలు వస్తాయేమోనని మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీయాలి. ఆ అక్టోబరులోనే మెడికేర్ తన ఆంక్షను ఎత్తేసింది.

ఇంతా చేసి, ఏ మరుపూ లేని వృద్ధుల్లోనూ అమైలాయిడ్ కనిపిస్తుంది. స్కాన్ పాజిటివ్ అన్నంత మాత్రాన మతిమరుపుకు కారణం అదేనని తేల్చలేరు. ఇంటివాళ్లు చెప్పే సంగతులు, జ్ఞాపకశక్తి పరీక్షలతో కలిపి చూడాల్సిందే. 2025 మేలో అమెరికా అనుమతించిన రక్తపరీక్ష కొందరికి ఈ స్కాన్ అవసరాన్ని తప్పించవచ్చు. మన దగ్గర పెట్ యంత్రాలు ప్రధానంగా క్యాన్సర్ రోగులకే పనిచేస్తున్నాయి కాబట్టి, ఆ రక్తపరీక్ష ధర ఎంతన్నది ఇక్కడి కుటుంబాలకు ఇంకా పెద్ద విషయం.