జర్నలిజం పాడ్‌కాస్ట్: ఏడాది పనిచేశాక వదిలిన అపోహలు

ఏడాది క్రితం ప్రొడ్యూసర్‌గా కూర్చున్నప్పుడు వీటిలో సగం నేనూ నమ్మినవే. రెండు వారాలకో ఎపిసోడ్ చేస్తూ పోతుంటే ఒక్కొక్కటే వదిలాయి.

అపోహ: వార్త రాయడం కంటే చెప్పడం తేలిక.

వాస్తవం: మా అరగంట ఎపిసోడ్ వెనక నాలుగైదు గంటల రికార్డింగ్ ఉంటుంది. కాగితాన్ని తిరగేసినట్టు దాన్ని తిరగేయలేం, కూర్చుని వినాల్సిందే. రికార్డింగ్‌లోని మాటల్ని సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కాపీ పనికొస్తుంది కానీ, పేర్ల దగ్గరా అంకెల దగ్గరా ముంచుతుంది. చదివేవాళ్లు అర్థంకాకపోతే పై పేరాకి వెళ్తారు. అంట్లు తోముకుంటూ వినేవాళ్లు తడి చేత్తో ఫోన్ ముట్టుకోరు. అందుకే వాక్యానికి ఒక అంకె మించకుండా స్క్రిప్టు రాసుకుంటాం.

అపోహ: ఖరీదైన మైక్ కొంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ముందు గది సంగతి చూసుకోవాలి. ఇళ్లలో రికార్డ్ చేసేటప్పుడు ఫ్రిజ్ కట్టేయమని అడుగుతాం. మళ్లీ వేయడం మర్చిపోకుండా బండి తాళాలు అందులోనే పెడతాను (ఇది రేడియో వాళ్ల పాత చిట్కా, నాది కాదు). ఇంటర్వ్యూ అయ్యాక అందరినీ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోమని ఆ గది నిశ్శబ్దాన్నీ రికార్డ్ చేస్తాం. కోతల మధ్య అతుకు తెలియకుండా ఉండాలంటే అదే దిక్కు.

అపోహ: ఎడిటింగ్ అంటే ‘ఆఁ’లు, ‘ఊఁ’లు, మౌనాలు తీసేయడం.

వాస్తవం: నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. ఒక రిటైర్డ్ ఉద్యోగిని ‘ఈ సంతకం మీదేనా?’ అని అడిగాం. నాలుగు సెకన్లు మాట లేదు. కుర్చీ కిర్రుమంది. ‘నాదే’ అన్నారు. నిడివి తగ్గించాలని ఆ నాలుగు సెకన్లు తీసేశాను. విని చూస్తే, ప్రశ్న పూర్తికాగానే ఏ జంకూ లేకుండా ఒప్పుకున్న మనిషిలా ఉన్నారు. మళ్లీ పెట్టేశాను. మరో ఎపిసోడ్‌లో ఇంకొకరి జవాబు ముందు దాదాపు అంతే మౌనం. అది మాత్రం నెట్ కాల్ ఆలస్యం. ఉంచితే ఆయన ఏదో దాస్తున్నట్టు వినిపిస్తుంది. దాన్ని తీసేశాం.

పైగా తెలుగులో అసలు సంగతి వాక్యం చివర్లో ఉంటుంది. ‘వాళ్లు తప్పు చేశారు అనను’ అన్న మాటలో చివరి పదం కోతలో పోతే నిందే మిగులుతుంది. అందుకే మాట్లాడిన మనిషి ఊపిరి తీసుకునేదాకా కోయకూడదని నియమం పెట్టుకున్నాం.

అపోహ: మనిషి గొంతే ఉంది కదా, ఇంకా నిర్ధారణ ఎందుకు?

వాస్తవం: ఆ మాట ఆయన అన్నారనడానికే రికార్డింగ్ సాక్ష్యం, అది నిజమనడానికి కాదు. న్యూయార్క్ టైమ్స్ అంతటి పత్రిక ‘కాలిఫేట్’ పాడ్‌కాస్ట్‌లో ఒక వ్యక్తి చెప్పుకున్న ఉగ్రవాద అనుభవాలను నమ్మి, ఆ ఎపిసోడ్‌లు తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని 2020 డిసెంబరులో ఒప్పుకుంది. దానికి వచ్చిన పీబాడీ అవార్డును (ప్రసార రంగంలో ఇచ్చే పేరున్న పురస్కారం) వెనక్కిచ్చేసింది. మా స్థాయిలో మాదీ ఒకటుంది. ‘మూడేళ్లు’ అని అతిథి అంటే అలాగే వదిలాం, కాగితాల్లో రెండేళ్లే. ఫైల్ మార్చాం కానీ, అప్పటికే డౌన్‌లోడైన కాపీలు మారవు. తర్వాతి ఎపిసోడ్ మొదట్లోనే సవరణ చదివాం.

అపోహ: డౌన్‌లోడ్‌లు ఎన్నో, విన్నవాళ్లు అంతమంది.

వాస్తవం: 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో యాపిల్ ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌ల పద్ధతి మార్చగానే చాలా పాడ్‌కాస్ట్‌ల అంకెలు పడిపోయాయి. శ్రోతలు ఎటూ పోలేదు, ఎవరూ వినకుండా ఫోన్లలో పోగుపడే ఫైళ్లు తగ్గాయంతే.

అపోహ: ఇరవై నిమిషాలు దాటితే ఎవరూ వినరు.

వాస్తవం: మా లెక్కల్లో జనం వెళ్లిపోయేది మొదటి రెండు నిమిషాల్లోనే. అక్కడ నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది చివరిదాకా ఉంటున్నారు. అందుకని మొదట్లో వచ్చే యాభై సెకన్ల మ్యూజిక్‌ను ఎనిమిదికి కుదించాం. అది చేసిచ్చిన మిత్రుడు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు.