ఎమర్జెన్సీ రద్దీ: లెక్కలు వార్డుల వైపు ఎందుకు చూపించాయి?

ఎమర్జెన్సీ కిక్కిరిసిపోతే ముందుగా నింద పడేది రోగుల మీదే. చిన్న జ్వరానికి కూడా ఇక్కడికే వస్తున్నారని విసుక్కుంటారు. లెక్కలు వేసి చూసినవాళ్లు మాత్రం చాలాకాలంగా మరో చోటు చూపిస్తున్నారు. అడ్మిషన్ రాసేసినా పై వార్డులో బెడ్ దొరక్క, స్ట్రెచర్ మీదే గంటలకొద్దీ పడి ఉండే రోగులే అసలు చిక్కుముడి.

ఈ లెక్కలు మొదలైంది ఆసుపత్రిలో కాదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ఫోన్ కాల్స్ ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు, అయినా వాటి రాకలో ఒక క్రమం ఉంటుందని 1909లో డెన్మార్క్ గణితవేత్త అగ్నర్ ఎర్లాంగ్ చూపించారు. 1952లో బ్రిటన్‌లో నార్మన్ బెయిలీ అదే రకం గణితాన్ని ఆసుపత్రి ఓపీ అపాయింట్‌మెంట్లకు వాడారు. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదని పట్టుబడితే, ఆ భారమంతా బయట కూర్చున్న రోగుల మీదే పడుతుందని అప్పుడే తేలింది.

1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం మరీ సులువు. గంటకు 10 మంది వస్తూ, ఒక్కొక్కరు సగటున 4 గంటలు ఉంటే, లోపల ఎప్పుడూ దాదాపు 40 మంది ఉంటారు. ఆ 4 గంటలు 6 అయితే 60 మంది అవుతారు. కొత్తగా ఒక్క రోగి కూడా ఎక్కువ రాలేదు, జనం మాత్రం ఒకటిన్నర రెట్లయ్యారు. రద్దీ చూసి 'ఇవాళ జనం ఎక్కువొచ్చారు' అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి.

సగటులు కూడా మోసం చేస్తాయి. ఒకే డాక్టరు ఉన్న సాదా క్యూ తీసుకుందాం. డాక్టరు సమయంలో 80 శాతం నిండితే, రోగి సగటున ఎదురుచూసేది ఒకరిని చూడడానికి పట్టే సమయానికి 4 రెట్లు. 90 శాతం నిండితే 9 రెట్లు, 95 దగ్గర 19 రెట్లు. బెడ్ల విషయంలోనూ పోకడ ఇదే. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక కంప్యూటర్ సిమ్యులేషన్ ప్రకారం, సగటున 85 శాతం బెడ్లు నిండితేనే ముప్పు కనబడడం మొదలవుతుంది. 90 దాటితే బెడ్ల కొరత మామూలైపోతుంది. ఖాళీ బెడ్‌ను వృథా అనుకునే మేనేజర్లకు ఇది మింగుడుపడని మాట. కానీ ఆ ఖాళీయే రాత్రి హఠాత్తుగా వచ్చే రోగికి చోటు.

ఇంగ్లండ్‌లో 2000 తర్వాత మరో దారి పట్టారు. ఎమర్జెన్సీకి వచ్చినవారిని 4 గంటల్లోపు అడ్మిట్ చేయాలి, లేదా పంపించాలి అని నియమం పెట్టారు. నిరీక్షణ తగ్గింది నిజమే. కానీ రికార్డులు తిరగేస్తే, సరిగ్గా నాలుగో గంట ముగిసే ముందు ఎందరో రోగులు ఒక్కసారిగా కదిలినట్టు కనిపించింది. గడువు పెడితే గడియారం వెంట పరుగు మొదలవుతుంది, రోగి అవసరం వెంట కాదు. అడ్డంకి ఎక్కడుందో గడువు చెప్పదు. ఆ పని మోడల్ చేయాలి, అంటే రోగుల రాకపోకలను లెక్కల్లో చూపే నమూనా.

2003లో అమెరికా వైద్యుడు బ్రెంట్ ఆస్ప్లిన్, సహచరులు రద్దీని మూడు ముక్కలుగా విడదీశారు: వచ్చేవాళ్లు, లోపల జరిగే పని, వార్డుకో ఇంటికో బయటకు వెళ్లే దారి. చర్చ మూడో ముక్క మీదకు మళ్లడానికి అది బాగా తోడ్పడింది. ఆలస్యం ఖరీదెంతో 2022లో ఇంగ్లండ్ డేటా మీద జరిగిన అధ్యయనం లెక్కగట్టింది. అడ్మిట్ కావలసిన రోగులు ఎమర్జెన్సీకి వచ్చినప్పటి నుంచి వార్డు బెడ్ చేరడానికి 6 నుంచి 8 గంటలు దాటితే, అలాంటి ప్రతి 82 మందికి ఒక అదనపు మరణం. ఈ అంకె చదివాక, నిరీక్షణను కేవలం అసౌకర్యమని తీసిపారేయలేం.

ఇప్పటి మోడళ్లు ఎమర్జెన్సీలో ఉన్న ఒక్కొక్క రోగికీ అడ్మిషన్ అవసరమయ్యే అవకాశమెంతో అంచనా వేసి, ఆ అవకాశాలన్నీ కలిపి రాబోయే కొన్ని గంటల్లో ఎన్ని బెడ్లు కావాలో చెబుతాయి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రిలో ఇలాంటిది తయారుచేశారు. అంచనా ఎంత బాగున్నా, డిశ్చార్జి సంతకం సాయంత్రం దాకా పడకపోతే వార్డులో ఆ బెడ్ ఖాళీ కాదు. అందుకే ఆ అంకె ఎమర్జెన్సీ డాక్టరుకు మాత్రమే కాదు, పొద్దున్నే రౌండ్స్‌కు వచ్చే వార్డు డాక్టరుకూ చేరాలి.